మూలవాసులు లేని దేశం

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా కాకినాడలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం. ముందు వరసల్లో చాపల మీద కూర్చున్న పిల్లలకు ఇంకో నమస్కారం, ఎందుకంటే ఈ మాటలు ముఖ్యంగా మీ కోసమే.

ఏదైనా ఒక దేశం గురించి వింతలూ విశేషాలూ చెప్పమన్నారు. ఏ దేశమా అని నేను ఎక్కువ వెతుక్కోలేదు. ఇక్కణ్ణుంచి యానాం రోడ్డు పట్టుకుంటే కాసేపట్లో కోరంగి వస్తుంది. మడ అడవులు చూడ్డానికి మీలో చాలామంది వెళ్ళే ఉంటారు. ఇవాళ అక్కడ బోటు షికారు తప్ప ఇంకేం కనిపించదు కానీ, ఒకప్పుడది పెద్ద ఓడరేవు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన ఆ రేవును ఊడ్చిపెట్టేసింది. ఆ కోరంగి పేరు సముద్రం దాటి ఒక దేశంలో ఒక జాతి పేరుగా మారింది. అక్కడ తెలుగువాళ్ళని 'కోరంగీలు' అనేవారు. ఆ దేశం మారిషస్.

పటంలో చూడండి. ఆఫ్రికా పక్కన మడగాస్కర్ ఉంది కదా, దానికి తూర్పున ఇంకో ఎనిమిది వందల కిలోమీటర్లు పోతే ఒక చుక్క. దేశం మొత్తం వైశాల్యం 2,040 చదరపు కిలోమీటర్లు. అంటే మన కోనసీమ జిల్లా ఎంతో దాదాపు అంతే. జనాభా పన్నెండున్నర లక్షలు. కోనసీమలో అంతకంటే ఎక్కువమందే ఉన్నారు.

ఇంత చిన్న దేశంలో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచినది ఒకటుంది. దాని గురించే ఇవాళ చెప్పాలనుకుంటున్నాను. ఆ దేశానికి మూలవాసులు లేరు. 'ఈ నేల మాది, అనాదిగా మేమిక్కడే ఉన్నాం' అనగలిగినవాడు ఒక్కడూ లేడు. అరబ్బు నావికులకూ పోర్చుగీసు వాళ్ళకూ ఆ దీవి తెలుసు, కానీ ఎవరూ కాపురం పెట్టలేదు. మనిషి, చెరకు, జింక, ఎలుక, భాష, దేవుడు, అన్నీ ఓడ దిగి వచ్చినవే. ఆ దేశంలో మీకు వింతగా కనిపించేది ఏది తీసుకున్నా, కొంచెం తవ్వితే కింద ఒక ఓడ ఉంటుంది.

మొదటి ఓడలు డచ్చివాళ్ళవి. ఇక్కడ మన జగన్నాథపురంలో వర్తకం చేశారే, ఆ డచ్చివాళ్ళే. 1598లో దిగి, తమ రాకుమారుడు మారిస్ పేరు ఆ దీవికి పెట్టుకున్నారు. వాళ్ళు దిగేనాటికి అక్కడున్నది డోడో. మీ పాఠ్యపుస్తకాల్లో బొమ్మ చూసే ఉంటారు. పెద్ద తల, వంకర ముక్కు, ఎగరలేని చిన్న రెక్కలు. చూస్తే ఏదో బాతు జాతి అనుకుంటాం కానీ డోడో పావురం జాతి పక్షి. బతికున్న పక్షుల్లో దానికి అతి దగ్గరి బంధువు ఎక్కడుందనుకుంటున్నారు? మన దేశంలోనే, నికోబార్ దీవుల్లో. నికోబార్ పావురం అంటారు.

ఆ దీవిలో డోడోని తినే జంతువు ఏదీ లేదు. అందుకని ఎగరాల్సిన అవసరమూ రాలేదు, భయపడాల్సిన అవసరమూ రాలేదు. నేల మీదే గుడ్డు పెట్టేది. ఓడల్లోంచి ఎలుకలు దిగాయి, పందులు దిగాయి, కోతులు దిగాయి. గుడ్లన్నీ వాటి పాలయ్యాయి. డోడోని చూశామని చెప్పిన నమ్మదగిన సాక్ష్యాల్లో చివరిది 1662 నాటిది. అరవై నాలుగేళ్ళు, అంతే. లక్షల ఏళ్ళుగా బతికిన జాతి ఒక మనిషి ఆయుష్షు పాటి కాలంలో అయిపోయింది. ఇప్పుడది ఆ దేశపు రాజచిహ్నం మీద నిలబడి ఉంది. దాని ఎదురుగా రెండో పక్క జింక. ఆ జింకని జావా నుంచి తెచ్చింది కూడా డచ్చివాళ్ళే. చెరకు తెచ్చిందీ వాళ్ళే. పోయిన ప్రాణి ఒక పక్క, తెచ్చిన ప్రాణి ఇంకో పక్క. ఆ చిహ్నం గీసినవారు ఏమనుకుని గీశారో గానీ, నాకు మాత్రం ఆ దేశ చరిత్రంతా అందులోనే కనిపిస్తుంది.

అయితే ఒకసారి పోగొట్టుకున్నవాళ్ళు రెండోసారి జాగ్రత్తపడ్డారు. మారిషస్‌లో మాత్రమే ఉండే డేగ జాతి ఒకటుంది. 1974 నాటికి అడవిలో నాలుగే నాలుగు మిగిలాయి. గుడ్లు తెచ్చి పొదిగించి, పిల్లల్ని పెంచి, మళ్ళీ అడవిలోకి వదిలారు. ఇవాళ వందల సంఖ్యలో ఉన్నాయి.

మన పక్షి ఒకటి కూడా అక్కడికి వెళ్ళింది. గోరింక! మన పెరట్లో అరుస్తుందే, ఆ గోరింకే. డచ్చివాళ్ళు 1710లో వదిలేసి వెళ్ళిపోయాక ఫ్రెంచివాళ్ళొచ్చారు, మన పక్కన యానాన్ని ఏలిన ఫ్రెంచివాళ్ళే. మిడతల దండు వాళ్ళ పంటల్ని తినేస్తుంటే, 1762లో భారతదేశం నుంచి గోరింకల్ని తెప్పించి వదిలారు. మిడతల బెడద తగ్గింది. ఒక దేశపు పక్షిని ఇంకో దేశానికి తీసుకెళ్ళి పురుగుని అదుపు చేయడమనే పద్ధతికి తొలి ఉదాహరణల్లో ఒకటిగా దీన్ని వ్యవసాయ శాస్త్రంలో చెబుతారు. కోరంగి నుంచి మనుషులు వెళ్ళడానికి చాలా ముందే మన గోరింక అక్కడ పనిలో చేరిందన్నమాట.

ఆ ఫ్రెంచివాళ్ళలో పియేర్ ప్వావ్ర్ అని ఒకాయన ఉన్నాడు. 'ప్వావ్ర్' అంటే ఫ్రెంచిలో మిరియం. పేరుకు తగ్గట్టే ఆయన ధ్యాసంతా మసాలా దినుసుల మీద. ఆ రోజుల్లో జాజికాయ, లవంగం మొక్కలు డచ్చివాళ్ళ కాపలాలో ఇండోనేషియా దీవుల్లోనే ఉండేవి. బయటికి పోనిచ్చేవారు కాదు. 1770 ప్రాంతంలో ఆయన వాటిని రహస్యంగా తెప్పించి మారిషస్‌లో నాటించాడు. ఆ తోట ఇప్పటికీ ఉంది, పాంప్లమూస్ అనే ఊళ్ళో. అక్కడ తామరాకులు పెద్ద పళ్ళేల్లా అంచులు పైకి తిరిగి ఉంటాయి, అందరూ వాటికే ఫోటోలు తీసుకుంటారు. నేను మాత్రం శ్రీతాళం చెట్ల దగ్గర నిలబడిపోయాను. మన పూర్వులు కావ్యాలు రాసుకున్న తాళపత్రాల్లో మేలైనవి ఈ చెట్టు ఆకులే. జీవితంలో ఒక్కసారే పూస్తుంది, ముప్ఫై ఏళ్ళకో అరవై ఏళ్ళకో. పూసి, కాసి, చచ్చిపోతుంది. 

1810లో ఇంగ్లీషువాళ్ళు ఆ దీవి కోసం వచ్చారు. ఆగస్టులో గ్రాండ్ పోర్ట్ దగ్గర నావికా యుద్ధం జరిగితే ఫ్రెంచివాళ్ళే గెలిచారు. పారిస్‌లో నెపోలియన్ మొదలుపెట్టించిన విజయ తోరణం మీద యుద్ధాల పేర్లు చెక్కారు కదా, ఇంగ్లీషు నౌకాదళం మీద ఫ్రెంచివాళ్ళు గెలిచిన యుద్ధం అందులో అదొక్కటే. ఆ యుద్ధంలో ఇద్దరు నాయకులూ, ఇటు ఫ్రెంచి డ్యూపెరే, అటు ఇంగ్లీషు విల్లోబీ, తీవ్రంగా గాయపడ్డారు. ఇద్దరికీ ఒకే ఇంట్లో వైద్యం చేశారు. మాహేబూర్‌లో ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

నాలుగు నెలలు తిరక్కుండానే ఇంగ్లీషువాళ్ళు మళ్ళీ వచ్చి దీవిని పట్టుకున్నారు. కానీ లొంగుబాటు షరతుల్లో ఒక మాట ఇచ్చారు, ఇక్కడివాళ్ళ చట్టాలూ, ఆచారాలూ, మతమూ అలాగే ఉండనిస్తామని. దాని ఫలితం రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా చూడొచ్చు. పార్లమెంటు భాష ఇంగ్లీషు. పొద్దున వచ్చే పత్రిక ఫ్రెంచి. ఇంట్లో, బజార్లో మాట్లాడేది క్రియోల్. ఒకే మనిషి టీ తాగుతూ క్రియోల్‌లో మాట్లాడి, ఫ్రెంచి పేపరు చదివి, ఇంగ్లీషులో దరఖాస్తు నింపుతాడు. అందులో విశేషమేమీ ఉన్నట్టు వాళ్ళకి అనిపించదు.

ఈ క్రియోల్ ఎలా పుట్టిందో చెప్పాలి. ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు ఒకరి భాష ఒకరికి తెలియక, యజమానుల ఫ్రెంచిని తమ నోటికి అనువుగా మలుచుకుని పుట్టించిన భాష అది. పుస్తకం పట్టుకోనివ్వని మనుషులు తయారుచేసిన భాష ఇవాళ దేశమంతటికీ ఇంటి భాష. వాళ్ళ పాట సెగా, వాళ్ళ వాయిద్యం రవాన్. మేకతోలు బిగించిన పెద్ద పలక. సముద్రం ఒడ్డున ఒక సాయంత్రం ఇద్దరు కుర్రాళ్ళు ఎండుటాకుల మంట వేసి, రవాన్‌ని దాని ముందు పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ కాచడం చూశాను. మధ్యమధ్యలో వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్ళీ కాచడం. నాకు మా ఊరి జాతరలో డప్పు కాచుకునే దృశ్యం కళ్ళ ముందు కదిలింది. అక్షరాలా అంతే.

1835లో బానిసత్వం రద్దయింది. బ్రిటిషు ప్రభుత్వం పరిహారం ఇచ్చింది, దాదాపు ఇరవై లక్షల పౌండ్లు. ఎవరికి? బానిసలకు కాదమ్మా, బానిసల్ని పోగొట్టుకున్న యజమానులకు. ఈ మాట చెప్పిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది.

బానిసలు పోతే చెరకు ఎవరు నరకాలి? అందుకని, రద్దు అమల్లోకి రాకముందే, మనవాళ్ళు. 1834 నవంబరు 2న 'అట్లాస్' అనే ఓడలో కలకత్తా నుంచి 36 మంది దిగారు. అక్కడి నుంచి 1910 దాకా దాదాపు నాలుగున్నర లక్షల మంది. ఎక్కువమంది బీహారు వైపు వాళ్ళు. తర్వాత మద్రాసు రాజధాని నుంచి తమిళులు, మనవాళ్ళు. ఆ దేశ రాజధాని పోర్ట్ లూయీలో వాళ్ళు దిగిన రేవు మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆప్రవాసీ ఘాట్ అంటారు, 2006 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. వెళ్ళేటప్పుడు ఏదో కోట లాంటిది ఉంటుందనుకున్నాను. నాలుగు నల్లరాతి గదులు, స్నానాల గదులు, కొన్ని మెట్లు, అంతే.

కూలీ జీతం నెలకి ఐదు రూపాయలు, ఐదేళ్ళ ఒప్పందం. ఇక్కడ నేను రెండు విషయాలు పక్కపక్కన పెట్టి చూపిస్తాను. తపాలా బిళ్ళలు సేకరించే పిల్లలు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? ఉంటే మారిషస్ నీలం బిళ్ళ పేరు విని ఉంటారు. 1847లో అక్కడ తొలి బిళ్ళలు అచ్చువేశారు. ఒక పెన్నీది నారింజ రంగు, రెండు పెన్నీలది నీలం, ఒక్కో రకం ఐదు వందలు. గవర్నరు భార్య లేడీ గామ్ తన ఇంట్లో జరిగే నాట్య విందుకు ఆహ్వానాలు పంపడానికి వాటిని వాడింది. ఇవాళ లోకమంతా కలిపి 27 మిగిలాయి. 1993లో ఆ దేశపు బ్యాంకులూ కంపెనీలూ కలిసి చందాలేసుకుని వేలంలో రెండు బిళ్ళలు కొని ఇంటికి తెచ్చుకున్నారు. పోర్ట్ లూయీ మ్యూజియంలో ఒక చీకటి గదిలో ఉంటాయి. వెలుతురు తగిలితే రంగు పోతుందని గంటకి కొన్ని నిమిషాలే దీపం వేస్తారు. నేనూ ఆ చీకట్లో నిలబడ్డాను. దీపం వెలిగింది. వేలి గోరు కంటే కాస్త పెద్దవి, రాణి తలతో రెండు కాగితం ముక్కలు. చూస్తుండగానే దీపం ఆరింది.

సరిగ్గా ఆ నాట్య విందుల కాలంలోనే తోటల్లో 'డబుల్ కట్' అనే పద్ధతి నడిచింది. ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత. జ్వరమొచ్చి పది రోజులు పడుకుంటే ఇరవై రోజుల కూలి పోయినట్టే. ఆ రెండు కాగితం ముక్కలకి ఇచ్చిన గదీ, చీకటీ, కాపలా చూసి నేను బయటికి వస్తుంటే, ఈ లెక్క నా మనసులోంచి పోలేదు.

మనిషి దిగగానే ఒక నంబరు ఇచ్చేవారు. 1860ల నుంచి ఫోటో కూడా తీశారు. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీద గుర్తు, ఊరు, ఓడ, ఏ తోటకి పంపారు, అన్నీ రిజిస్టర్లలో రాశారు. మనుషుల్ని సరుకులా లెక్కపెట్టడానికి రాసిన పుస్తకాలవి. ఇవాళ మోకా అనే ఊళ్ళో మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. మనవలూ మునిమనవలూ అక్కడికొచ్చి తాతల ఊరి పేరు వెతుక్కుంటారు. రాసిన గుమాస్తాకి మన పేర్లు రావు, చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. తాత సొంత పేరే వంశం మొత్తానికి ఇంటిపేరైపోయింది. అప్పడు, అప్పన్న, వీరాసామి ఇవన్నీ అక్కడ ఇంటిపేర్లు! పాస్‌పోర్టు మీద రోమన్ అక్షరాల్లో 'అప్పన్న' అని చూసినప్పుడు, ఆ ముసలాయన ఏ గుమాస్తా ముందు నిలబడి తన పేరు రెండుసార్లు చెప్పుకున్నాడో అనిపిస్తుంది. అప్పన్న అంటే ఏ అప్పన్న? మన సింహాద్రి అప్పన్నే. ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళినవాళ్ళు పేరుతో పాటు పూజ కూడా తీసుకెళ్ళారు. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండగ అక్కడ ఇప్పటికీ చేస్తారు.

ఉగాది ఆ దేశంలో జాతీయ సెలవు. మన దేశంలో కూడా దేశమంతటికీ సెలవు ఉండదు, అక్కడ దేశమంతటికీ సెలవు. జనాభాలో తెలుగువాళ్ళు నూటికి ముగ్గురు కూడా ఉండరు. అయినా క్రైస్తవుడికీ, ముస్లింకీ, చైనావాడికీ ఆ రోజు బడి ఉండదు. అలాగే వాళ్ళ ఈదుకీ, చైనా వసంతోత్సవానికీ మనవాళ్ళకి సెలవు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో అక్కడే జరిగాయి.

ఒక రాత్రి రామభజనకి తీసుకెళ్ళారు. మధ్యలో దీపం, చుట్టూ తిరుగుతూ పాట. నా పక్కన డెబ్భై ఏళ్ళు దాటిన ఒక అమ్మ, చేతిలో రోమన్ లిపిలో రాసుకున్న నోటుపుస్తకం. ఇంట్లో ఆవిడ మాట్లాడేది క్రియోలే. పాట మాత్రం స్పష్టంగా తెలుగు. ముగిశాక నేను తెలుగులో పలకరించాను. ఆవిడ నా మాట పూర్తిగా అందుకోలేదు. నా చెయ్యి పట్టుకుని, వెతుక్కుని వెతుక్కుని, "బాగున్నావా నాయనా" అంది. ఆ తర్వాత ఇంకేం మాట్లాడుకోలేదు మేము, అవసరం కూడా పడలేదు.

తిండి గురించి చెప్పకపోతే పిల్లలు ఊరుకోరు. పోర్ట్ లూయీ బజార్లో గాజు పెట్టె బిగించిన బండి దగ్గర క్యూ ఉంటుంది. దోల్ పురీ. శనగలా ఉండే పసుపు బఠాణీ పప్పు ఉడకబెట్టి, పొడిగా చేసి, పల్చటి రొట్టె లోపల కూరి కాలుస్తారు. బీహారు వాళ్ళు తెచ్చిన వంట. ఒకటి అమ్మరు, జతగానే. 'ఎన్ పేర్' అంటే ఒక జత. రెంటినీ ఒకదాని మీద ఒకటి పరిచి, చిక్కుడు గింజల కూర ఒక గరిటె, టమాటా కూర ఒక గరిటె, పచ్చడి, పచ్చిమిరప నూరిన ముద్ద, గబగబా చుట్టి కాగితంలో పెట్టి ఇస్తాడు. అరచేతిలో కూర కారుతుంది, నిలబడే తినాలి. ఇంకోటి గాతో పిమాన్, మన మసాలా వడకి తమ్ముడు. దాన్ని ఫ్రెంచి బ్రెడ్డులో వెన్న రాసి పెట్టుకుని పొద్దున్నే తింటారు! కూరగాయల బజార్లో కళ్ళు మూసుకుని వినండి. మునగాకు 'మురుం', కరివేపాకు 'కారిపులే', కొత్తిమీర 'కోతోమిలి'. ఇవి దక్షిణాది నుంచి వెళ్ళిన మాటలని ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇలా అందరూ బయటి నుంచి వచ్చినవాళ్ళే కాబట్టి గొడవల్లేవనుకోకండి. 1968లో స్వాతంత్ర్యానికి ముందు పోర్ట్ లూయీలో మతకల్లోలాలు జరిగాయి. 1998లో కొత్త కరెన్సీ నోట్ల మీద తమిళాన్ని హిందీ కిందికి మార్చితే తమిళులు వీధుల్లోకి వచ్చారు, ప్రభుత్వం ఆ నోట్లు వెనక్కి తీసుకుని పాత వరసలో మళ్ళీ అచ్చువేయాల్సి వచ్చింది. ఎన్నికల్లో ఇంకో వింత. 62 మంది గెలిచి వస్తారు. ఆ పైన ఎనిమిది సీట్ల వరకు ఓడిపోయినవాళ్ళకిస్తారు, ఏ వర్గానికి ప్రాతినిధ్యం తగ్గిందో చూసి, ఆ వర్గంలో బాగా ఓట్లు తెచ్చుకుని ఓడినవాళ్ళకి. 'బెస్ట్ లూజర్' అంటారు. ప్రధాన దీవిలోని 60 సీట్లూ ఒకే కూటమి ఊడ్చేయడం 1982లో, 1995లో, మళ్ళీ 2024లో జరిగింది. అలాంటప్పుడు ప్రతిపక్షం గొంతు సభలో వినిపించిందంటే ఈ సీట్ల చలవే. కానీ పోటీ చేసేవాడు తన వర్గమేదో ప్రకటించుకోవాలనడం ఏమిటని అక్కడి యువకులు కోర్టులకెక్కారు, ఐక్యరాజ్యసమితి దాకా వెళ్ళారు. నాకు వాళ్ళ వాదన న్యాయంగానే తోస్తుంది.

స్వాతంత్ర్య దినం మార్చి 12. గాంధీగారు దండి యాత్ర మొదలుపెట్టిన తేదీ, అందుకే ఎంచుకున్నారు. గాంధీగారు 1901లో దక్షిణాఫ్రికా నుంచి వస్తూ ఆ దీవిలో దిగారు. పిల్లల్ని చదివించండని మనవాళ్ళకి చెప్పారు.

చివరగా చెరకు తోటలు. రోడ్డుకి రెండు పక్కలా పచ్చటి చెరకు, మధ్యలో అక్కడక్కడా నల్లరాళ్ళ గుట్టలు, ఇంటి ఎత్తున, ఓపిగ్గా పేర్చినవి. ఆ దీవి అగ్నిపర్వతం కక్కిన లావా. నేలంతా రాయే. చెరకు వేయాలంటే రాళ్ళు ఏరాలి. మనుషుల్ని ఓడెక్కించేటప్పుడు దళారులు చెప్పిన మాట ఒకటి అక్కడ ఇంటింటా చెప్పుకుంటారు: 'ఆ దేశంలో రాయి ఎత్తితే కింద బంగారం ఉంటుంది' అని. మనవాళ్ళు ఎత్తారు. ఒక రాయి, ఇంకో రాయి, ఒక తరం, ఇంకో తరం.

కారు ఆపించి ఒక గుట్ట దగ్గరికి వెళ్ళాను. కింది వరసలో ఊడి పడున్న రాయినొకదాన్ని ఎత్తబోయాను. రెండు చేతులూ పట్టినా మోకాలి దాకానే లేచింది. పక్కనే ఎండు చెరకాకుల మీద రెండు గోరింకలు కొట్లాడుకుంటున్నాయి. రాయిని ఎక్కడ తీశానో అక్కడే పెట్టేసి వచ్చాను.